ఉత్ప్రేరకం కూడా మనదే కావాలి

జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం 2023 జనవరిలో ఆమోదించిన రూ.19,744 కోట్లలో రూ.17,490 కోట్లు ఎలక్ట్రోలైజర్ల తయారీకి, హైడ్రోజన్ ఉత్పత్తికి ఇచ్చే ప్రోత్సాహకాలే. పరిశోధనకు దక్కింది రూ.400 కోట్లు, అంటే నూటికి రెండు రూపాయలు. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు ఉత్పత్తి చేయాలనుకునే దేశానికి ఈ పంపకం తగదు. నీటిని విడగొట్టే యంత్రమైన ఎలక్ట్రోలైజర్‌కు ప్రాణం ఎలక్ట్రోడు మీది పలుచని ఉత్ప్రేరకం పొరలో ఉంటుంది. కిలో హైడ్రోజన్‌కు సిద్ధాంతరీత్యా 39 యూనిట్ల కరెంటు చాలు. ఆచరణలో 50 నుంచి 55 యూనిట్లు ఖర్చవుతున్నాయి. ఈ నష్టానికి ఒక ప్రధాన కారణం ఆక్సిజన్ వెలువడే చోట చర్య మందకొడిగా సాగడమే. హైడ్రోజన్ ధరలో సింహభాగం కరెంటు ఖర్చే కనుక, మంచి ఉత్ప్రేరకం మిగిల్చే ప్రతి యూనిట్టూ నేరుగా ధరను తగ్గిస్తుంది.

ఎండకూ గాలికీ తగ్గట్టు వేగంగా సర్దుకునే ప్రోటాన్ పొర యంత్రాల్లో, ఆక్సిజన్ వెలువడే వైపు ఆమ్లాన్ని తట్టుకుని నిలిచేది ప్రధానంగా ఇరిడియమే. ఆ లోహం ప్రపంచమంతటా ఏడాదికి ఏడెనిమిది టన్నులే దొరుకుతుంది, అదీ అత్యధికంగా దక్షిణాఫ్రికా నుంచి. చమురు దిగుమతుల బెడద వదిలించుకోబోయి అంతకన్నా ఇరుకైన గుమ్మం ముందు నిలబడటం ఏం వివేకం? నికెల్‌తో నడిచే క్షార యంత్రాలు ఉన్నాయి కదా అంటారు. నిజమే, ఇప్పటికి అవే చవక. కానీ సౌర, పవన విద్యుత్తు ఒడుదొడుకులను అవి అంత తేలిగ్గా తట్టుకోలేవు. వాటిని మెరుగుపరచాలన్నా కావలసింది ఉత్ప్రేరక పరిశోధనే.

ముందు కొనుక్కుని ఉత్పత్తి పెంచుదాం, పరిశోధన నిదానంగా చేసుకోవచ్చన్నది మరో వాదన. సౌర ఫలకాల విషయంలో ఆ దారినే నడిచి ఏళ్ల తరబడి చైనా సెల్స్ మీద ఆధారపడ్డాం. దీనికి భిన్నమైన దారి అమోనియా చరిత్రలో ఉంది. 1909లో ఫ్రిట్జ్ హేబర్ అమోనియా తీసి చూపింది ఆస్మియంతో. అదీ ఇరిడియంలాగే అరుదైన లోహం. దానితోనే సరిపెట్టుకోకుండా జర్మన్ రసాయన సంస్థ బీఏఎస్ఎఫ్‌లో ఆల్విన్ మిట్టాష్ బృందం వేల ప్రయోగాలు చేసి, చిటికెడు ఇతర పదార్థాలు కలిపిన ఇనుమును పట్టుకుంది. 1913లో ఒప్పావు కర్మాగారం దానితోనే మొదలైంది. ఈనాటికీ ఎరువులకు కావలసిన అమోనియా ప్రధానంగా ఇనుప ఉత్ప్రేరకంతోనే తయారవుతోంది. ఆ ఓపికకు సంస్థ డబ్బు పెట్టింది కనుకే అది సాధ్యమైంది.

మనకు మనుషులు లేక కాదు. హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీకి ఉత్ప్రేరకాల్లో దశాబ్దాల అనుభవం ఉంది. అదే నగరం కేంద్రంగా పనిచేసే పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఫ్యూయల్ సెల్స్‌పై పరిశోధిస్తోంది. కొరవడింది ప్రయోగశాలకూ కర్మాగారానికీ మధ్య వంతెన. ప్రయోగశాలలో కొన్ని వందల గంటలు నిలిచిన పదార్థం కర్మాగారంలో పదుల వేల గంటలు నిలవాలి. ఆ పరీక్షకు డబ్బూ, కాలమూ, నిజమైన కరెంటూ కావాలి. మిషన్‌లో పరిశోధన వాటాను కేంద్రం కనీసం పది శాతానికి పెంచాలి. 2025 జనవరిలో శంకుస్థాపన జరిగిన పూడిమడక హరిత హైడ్రోజన్ హబ్‌లో దేశీయ ఉత్ప్రేరకాలకు శాశ్వత పరీక్షా కేంద్రం పెట్టాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇప్పుడే పట్టుబట్టాలి.