మాట వచ్చినవాళ్లకి మళ్లీ ‘నీ పేరేంటి?’ పాఠమా?

అమెరికాలో చైనీస్ ఇళ్లలో పుట్టి పెరిగిన పిల్లల గురించి ఒక మాట తేలిగ్గా అనేస్తుంటారు: ‘వాళ్లకి చైనీస్ రాదు.’ అబద్ధం. అన్నం దగ్గర అలిగేది ఆ భాషలోనే, అమ్మమ్మతో పోట్లాడేది ఆ భాషలోనే. ఆవిడ వీచాట్‌లో పంపిన వాయిస్ మెసేజ్ విని పకపకా నవ్వుతారు. అదే అమ్మమ్మ నాలుగు వాక్యాలు టైపు చేసి పంపితే మాత్రం ఇంకొకరి చేత చదివించుకోవాలి. దీన్ని భాష రాకపోవడం అనరు, చదువు రాకపోవడం అంటారు. మన ఊళ్లలో వేలిముద్ర వేసే పెద్దవాళ్లని ‘తెలుగు రాదు’ అంటామా?

ఈ తేడా పట్టించుకోకుండా చెప్పే పాఠాల మీదే నా గొడవ.

వీళ్లకి దొరికేవి రెండు దారులు. ఒకటి, కాలేజీలో మొదటి ఏడాది చైనీస్. భాష బొత్తిగా తెలియనివాళ్ల కోసం రాసిన పుస్తకం. ‘నీ పేరేంటి? నేను విద్యార్థిని’తో మొదలు. రెండేళ్ల వయసు నుంచి మాట్లాడుతున్న పిల్ల అందులో కూర్చుంటే, ఉత్తినే మార్కులు కొట్టేయడానికి వచ్చిందని పక్కవాళ్ల అనుమానం. రెండోది వారాంతపు బడి. గళ్ల కాగితం మీద ఒక్కో అక్షరాన్ని పదిసార్లు, ఇరవైసార్లు దించడం, వారం తిరిగేసరికి మర్చిపోవడం. మొదటి దారి ఆమె నోటిని లెక్కచెయ్యదు, రెండోది వయసుని లెక్కచెయ్యదు. కొన్ని యూనివర్సిటీలు ఇలాంటివాళ్లకి విడిగా తరగతులు పెట్టాయి, మంచిదే. కానీ అదే పుస్తకాన్ని కాస్త వేగంగా చెప్పడమే ప్రత్యేక తరగతి అయితే, ఆ ముచ్చట ఎందుకు?

వీళ్లు చేసే తప్పులు చూడండి. కొత్తగా నేర్చుకునే పరాయివాడు వాక్యం కట్టడం దగ్గరే తడబడతాడు. వీళ్లు ‘జాయ్’ అని ఒకేలా పలికే రెండు అక్షరాల దగ్గర తికమకపడతారు. ఒకదానికి ‘ఉండటం’ అని అర్థం, ఇంకోదానికి ‘మళ్లీ’ అని. చైనాలో చిన్న తరగతుల పిల్లలు చేసే తప్పే ఇది. అంటే చెవి సరిగ్గానే ఉంది, కన్నే వెనకబడింది.

మరి ఆ చెవినే ఎందుకు వాడుకోరు? చైనీస్ లిపి అంతా బొమ్మలే అనేది అపోహ. ఎక్కువ అక్షరాల్లో ఒక భాగం అర్థాన్ని సూచిస్తే, ఇంకో భాగం పలుకుని సూచిస్తుంది. అమ్మ అని చెప్పే ‘మా’ అక్షరంలో ఎడమపక్క స్త్రీ ఉంటుంది, కుడిపక్క గుర్రం. అమ్మకీ గుర్రానికీ ఏ చుట్టరికమూ లేదు. గుర్రాన్ని కూడా ‘మా’ అనే అంటారు, స్వరం మాత్రం వేరు. మాట రానివాడికి ఈ కిటుకు ఇంకో బరువు. మాట వచ్చినవాళ్లకి సగం పని అయిపోయినట్టే.

‘చేత్తో రాస్తేనే గుర్తుంటుంది’ అంటారు. కొంత నిజమే. గీతల క్రమం తెలిస్తే అక్షరం నిర్మాణం కంటికి ఆనుతుంది. కొన్ని వందల అక్షరాలు శ్రద్ధగా రాయించండి, ఎవరొద్దన్నారు? కానీ రాయగలిగినన్నే చదవాలనే నియమం చైనాలోనే లేదు. అక్కడి 2011 పాఠ్యప్రణాళిక మొదటి రెండు తరగతులకి గుర్తుపట్టాల్సిన అక్షరాలు సుమారు 1600 అంది, రాయాల్సినవి సుమారు 800. సరిగ్గా సగం. అమెరికా హైస్కూలు పిల్లల కోసం 2007లో మొదలైన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ చైనీస్ పరీక్షలోనూ జవాబులు టైపు చేస్తారు. చైనాలో చదువుకున్న పెద్దవాళ్లే ఈ ఫోన్ల కాలంలో కలం పట్టగానే అక్షరం మర్చిపోతున్నారు. ఆ మతిమరుపుకి వాళ్ల భాషలో ఒక నానుడి కూడా ఉంది. అమ్మానాన్నలకే లేని నిష్ఠ పిల్లల దగ్గర ఎందుకు వసూలు చేస్తారు?

ఇంతకంటే పెద్ద అన్యాయం ఇంకోటుంది. శాన్ ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌ని నిలబెట్టినవాళ్లలో ఎక్కువమంది గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం నుంచి వచ్చారు. ఇంట్లో కాంటనీస్, బడిలో ‘చైనీస్’ అంటే మాండరిన్. ‘అతను’ అనడానికి ఇంట్లో ‘ఖోయ్’, పుస్తకంలో ‘థా’. ఆ ‘ఖోయ్’కీ సొంత అక్షరం ఉంది, హాంకాంగ్ ప్రకటనల్లో, చాటింగుల్లో వాడతారు. మాండరిన్ నేర్పండి, అవసరమే. కానీ పిల్ల ఇంటి నుంచి తెచ్చిన మాటని తప్పుగా కొట్టేస్తే అది చదువు చెప్పడమా, నోరు మూయించడమా?

తెలుగువాళ్లకి ఈ తగాదా కొత్తది కాదు. 1917లో హూ షీ చైనాలో వాడుక భాష కోసం వ్యాసం రాసిన కాలంలోనే, ఇక్కడ గిడుగు రామమూర్తి బడిపుస్తకాల భాష మీద యుద్ధం చేస్తున్నారు. మాట్లాడే నోటికీ చదివే పేజీకీ మధ్య ఆ గోడ ఎందుకన్నదే ఇద్దరి ప్రశ్న. అదే గోడని డల్లాస్‌లో, న్యూజెర్సీలో మన పిల్లల ముందు మనమూ కడుతున్నామేమో చూసుకోవాలి. మనకి గుణింతాలూ ఒత్తులూ వస్తే విన్న మాటనల్లా చదవొచ్చు. ఇంత సదుపాయం ఉండి కూడా దించి రాయడంలోనే ఏళ్లు గడిపేస్తే, ఆ తప్పు లిపిది కాదు.

చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. మొదటి రోజే ఆ పిల్ల చేత ఏదో ఒక కబురు చెప్పించండి. ఆమె అన్నది అన్నట్టు రాసి, ఆ కాగితమే ఆమె చేత చదివించండి. తర్వాత వంటకాల చీటీ, అమ్మమ్మ మెసేజ్, ఆ తర్వాత కథ. అక్షరాల లెక్కలు మెల్లగా చూసుకోవచ్చు, ముందు చదవనివ్వండి.