ఆగడం తెలిసిన మోటారు కొనండి

పోయిన నెల నా రూమ్మేటుకి వాళ్ల నాన్న ఫోన్ చేశారు. "ఇంటికి ఆటోమేటిక్ మోటారు పెట్టిద్దామనుకుంటున్నాం. నువ్వు చదివేది ట్రిపుల్ ఈ కదా, ఏది మంచిదో చెప్పు" అన్నారంట. వాడు ఆన్‌లైన్లో స్టార్లు చూసి, ఎక్కువ స్టార్లున్నది ఒకటి చెప్పేశాడు. నేను పక్కనే ఉండి, "మీ ఊళ్లో నీళ్లు ఎక్కణ్నించిరా?" అని అడిగాను. బోరు అన్నాడు. "ఎండాకాలం పోస్తుందా?" "ఆగి ఆగి పోస్తుంది."

అయితే వాడు చెప్పింది తప్పు. ఎందుకు తప్పో ఆ పూట సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ వ్యాసం.

మాది ఉదయగిరి. నెల్లూరు జిల్లా అనగానే అందరికీ వరి, రొయ్యలు, సముద్రం గుర్తొస్తాయి. అవన్నీ తూర్పున. మేముండేది పడమటి మెట్ట, కొండల కింద. మా దగ్గర బోరు వేస్తే నీళ్లు దొరికేది బండ పగుళ్లలో. పగులులో ఉన్నంత తోడేశాక మళ్లీ ఊరేదాకా ఆగాలి, వేరే దారి లేదు. ఆత్మకూరు వైపు పోతే కథ కొంత మారుతుంది. అటు పెన్న ఉంది, దాని మీద 78 టీఎంసీల సోమశిల ఉంది, కాలువలున్నాయి. ఒకే జిల్లా, ఒకే బస్సు రూటు, కానీ నేల కింద సంగతి వేరు. మోటారు సామాన్ల కోసం మేం ఆత్మకూరే పోతాం. అక్కడ చాలా ఇళ్లలో బాగా పనిచేసే పెట్టె మా ఇంట్లో ఎందుకు చెయ్యలేదో ఇక్కడే సగం తెలుస్తుంది.

ఆ పెట్టె రాకముందు మా ఇంట్లో ఆటోమేటిక్ అంటే అమ్మే. స్విచ్ వేసి వంటింట్లోకి పోయేది. చెవి మాత్రం మిద్దె మీదే ఉండేది. ట్యాంకు నిండితే పొర్లే శబ్దం, అది వినపడకపోతే పక్కింటి అత్త కేక: "వదినా, ట్యాంకు పోతా ఉండాది!" అమ్మకి ఇంకో శబ్దం కూడా తెలుసు. బోరులో నీళ్లు అయిపోయినప్పుడు ట్యాంకులో ధార పడే చప్పుడు తెగి, పైపులోంచి బుస్సుమని గాలి వస్తుంది. ఆ బుస్సు వినగానే చేతిలో పని వదిలేసి స్విచ్ దగ్గరికి పరిగెత్తేది. ఇదంతా గొప్పగా చెప్పడానికి కాదు. ఆ స్విచ్ వల్ల అమ్మ సాయంత్రం పూట గుడికి కూడా పోలేకపోయేది. అందుకే ఆటోమేటిక్ కావాలని నాయన వెంటపడి పోరింది నేనే.

ఆత్మకూరులో కొన్నాం. ఒక కంట్రోల్ డబ్బా, ట్యాంకులో వేలాడే ఒక ఫ్లోట్. ఫ్లోట్ అంటే పెద్ద విద్యేం కాదు. మూసేసిన ప్లాస్టిక్ బుర్ర, లోపల ఒక ఉక్కు గుండు, చిన్న స్విచ్. నీళ్లు తగ్గితే బుర్ర కిందికి వేలాడుతుంది, గుండు దొర్లి స్విచ్ కలుస్తుంది. నీళ్లు నిండితే బుర్ర పైకి తేలి స్విచ్ విడిపోతుంది. వైరు ఎంత పొడవు వదిలితే ఆన్‌కీ ఆఫ్‌కీ మధ్య అంత ఎడం. కంట్రోల్ సిస్టమ్స్‌లో మనం హిస్టెరిసిస్ అని బట్టీ పట్టేది దీన్నే. ఈ ఆలోచన ఎంత పాతదంటే, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో క్టెసిబియస్ చేసిన నీటి గడియారంలోనే తేలే బుర్రతో నీటిని అదుపు చేసే ఏర్పాటు ఉందంటారు.

మూణ్నెల్లు ఏ గొడవా లేదు. అమ్మ గుడికి పోయింది. నాలుగో నెల, ఏప్రిల్లో, ఆత్మకూరులో బంధువుల పెళ్లికి ఇంటిల్లిపాదీ రెండు రోజులు పోయాం. పోయే ముందు బట్టలన్నీ ఉతికి ట్యాంకు దాదాపు ఖాళీ చేశాం. బుర్ర కిందికి వేలాడింది, మోటారు ఆన్ అయింది. కాసేపటికి బోరు ఎండింది. ట్యాంకు నిండలేదు కాబట్టి బుర్ర లేవలేదు. బుర్ర లేవలేదు కాబట్టి మోటారు ఆగలేదు. సబ్‌మెర్సిబుల్ మోటారుని చల్లబరిచేది దాని చుట్టూ పారే నీళ్లే. ఆ నీళ్లు లేకుండా ఎంతసేపు తిరిగిందో తెలియదు. మేం వచ్చేసరికి ఎంసీబీ పడిపోయి ఉంది, వైండింగ్ మాడిపోయింది. మూడు కాళ్ల స్టాండు వేసి, గొలుసుతో ఒక్కో పైపూ పైకి లాగుతుంటే వీధి వీధంతా చూసింది. ఎత్తి దించే కూలీ, వైండింగూ కలిపి పదివేలు దాటింది.

నాయన షాపుకి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాడు. ఆయన మాత్రం నిదానంగా, "మా డబ్బాలో తప్పేం లేదన్నా, చెప్పిన పని చేసింది" అన్నాడు. నాకు కోపం వచ్చింది గానీ, ఆ మాట నిజం. ట్యాంకు ఖాళీగా ఉంటే నడువు అన్నాం, నడిచింది. కింద నీళ్లున్నాయో లేవో చూడమని ఎవరూ చెప్పలేదు. అమ్మ చెవి చేసే రెండు పనుల్లో మేం మిషన్‌కి అప్పజెప్పింది ఒక్కటే, అందులోనూ చిన్నది. ట్యాంకు పొర్లితే పోయేది నీళ్లు. బోరు ఎండితే పోయేది మోటారు.

ఇది మా ఇంటి తెలివితక్కువతనం ఒక్కటే కాదు. మన రాష్ట్రాల్లో ఆటోమేటిక్ అన్న మాట పొలాల్లోంచే ఇళ్లల్లోకి వచ్చిందని నా అనుమానం. పొలం మోటార్లకి ఆటో స్టార్టర్లు చూసే ఉంటారు. త్రీఫేజ్ కరెంటు ఏ అర్ధరాత్రో వస్తే రైతు పాములూ తేళ్లూ దాటుకుని పోయి స్విచ్ వెయ్యాలి. ఆ బాధ పడలేక పెట్టుకున్నవి అవి. కరెంటు రాగానే మోటారు తనంతట తనే లేస్తుంది. రైతుని తప్పు పట్టను, ప్రాణం మీదికి తెచ్చుకుని ఎవరు పోతారు? కానీ ఆ పెట్టెకి లేవడం ఒక్కటే వచ్చు. మడి నిండినా, బోరు ఎండినా, కరెంటు ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ కరెంటు వచ్చిన క్షణంలో ఒకేసారి లేస్తే, స్టార్టింగ్ కరెంటు మామూలుకి నాలుగైదు రెట్లు కదా, ఆ ట్రాన్స్‌ఫార్మర్ గతి ఏమిటి? 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు కాబట్టి బిల్లు చూసి ఆపేవాళ్లూ లేరు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ప్రభుత్వమే ఆటో స్టార్టర్లు తీసెయ్యమని రైతుల్ని బతిమాలాల్సి వచ్చింది. లేకపోతే ఇరవై నాలుగు గంటలూ భూమిలోంచి తోడేస్తాయి మరి.

కాబట్టి షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎప్పుడు ఆన్ అవుతుంది" కాదు. "కింద నీళ్లు లేకపోతే ఎట్టా ఆగుతుంది?" అని అడగండి. జవాబు తడబడితే ఎన్ని స్టార్లున్నా బయటికొచ్చెయ్యండి.

ఇంట్లో సంపు ఉండి, కుళాయి నీళ్లు దాంట్లో పడి, అక్కణ్నించి మిద్దె మీదికి ఎక్కించుకునేవాళ్లకి పని తేలిక. పైన ఒక ఫ్లోట్, సంపులో ఒక ఫ్లోట్, రెండూ సిరీస్‌లో. పైది వేలాడితే కలవాలి, కిందిది తేలితే కలవాలి. డిజిటల్ ల్యాబులో చేసిన ఆండ్ గేటే. ఎక్కువగా తప్పు జరిగేదీ ఇక్కడే. ఫ్లోట్‌లో మామూలుగా మూడు వైర్లుంటాయి, రెండు ఫ్లోట్లకీ ఒకే రంగులు కలిపేస్తే కిందిది తిరగబడి పనిచేస్తుంది. మూత వేసే ముందు బుర్రని చేత్తో ఎత్తి, దించి చూడండి. రంగుల్ని నమ్మకండి.

నేరుగా బోరు నుంచి ట్యాంకుకి ఎక్కేవాళ్లకి, అంటే మాలాంటోళ్లకి, బోరు గొట్టంలో మోటారు పక్కన ఫ్లోట్ ఆడేంత చోటు ఉండదు. సెన్సర్ కడ్డీలు దించొచ్చు గానీ, మా ఉప్పునీళ్లకి వాటి మీద తెల్లగా పొర కడుతుంది. ఆ పొర మందమయ్యేకొద్దీ అవి చెప్పేది నమ్మలేం. నా ఓటు కరెంటు చూసి ఆపే డ్రై రన్ రిలేకి. నీళ్లు తోడేటప్పుడు మోటారు మీద బరువుంటుంది, నీళ్లు లేకపోతే బరువు తగ్గుతుంది, ఆంపియర్లు పడిపోతాయి. మా ఒకటిన్నర హెచ్‌పీ మోటారు మామూలుగా తొమ్మిది దాకా తీసుకుంటుంది, ఖాళీగా తిరిగితే ఆరుకి దిగుతుంది. ఆ రెంటి మధ్య గీత పెడితే కొద్ది సెకన్లలో ఆపేస్తుంది. బోరులోకి ఏమీ దించక్కర్లేదు. అయితే మళ్లీ ఎంతసేపటికి లేవాలో మనమే పెట్టుకునే టైమరు అందులో ఉండి తీరాలి. కొన్నిట్లో ఆ సమయం మారదు. మా బోరు ఊరడానికి గంటన్నర పడుతుంది, పది నిమిషాలకొకసారి లేచి పడిపోయే రిలేతో ఏం లాభం?

ఇంకో మాట. ఫ్లోట్ మీద 16 ఆంపియర్లని రాసి ఉంటే, అది చాలాసార్లు హీటర్‌లాంటి లోడుకి. మోటారుకి అంత తట్టుకోదు. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లే కదా అని లెక్క వేసుకుని మోటారు కరెంటుని నేరుగా ఫ్లోట్ గుండా పంపితే, స్టార్టింగ్‌లో కాంటాక్టులు అతుక్కుపోతాయి. మధ్యలో కాంటాక్టర్ పెట్టండి. ఫ్లోట్‌కి పోయేది తక్కువ వోల్టేజీ అయితే ఇంకా మంచిది, మనం తాగే, స్నానం చేసే నీళ్లలోకి 230 వోల్టులు వేలాడదీయడం నాకు ఎప్పుడూ భయమే. ఎర్త్, ఆర్‌సీసీబీ లేకుండా ఈ పనే మొదలుపెట్టొద్దు.

ఇంత చెప్పినా నాయన ఒప్పుకోలేదు. "మీ ఆటోమేటిక్ పీకి పారెయ్, పాత స్విచ్చే నయం" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. కానీ పాత స్విచ్చే నయం అంటే మళ్లీ అమ్మ చెవే కాపలా అని అర్థం. ఆ కాపలా ఆయన కాయడు కదా. చివరికి అమ్మే తేల్చింది. రిలే పెట్టించాం, పక్కన పాత స్విచ్ కూడా ఉంచాం.

ఇప్పుడు అమ్మ ఇంకో పని మొదలుపెట్టింది. బోరు ఎండి రిలే ఆపినప్పుడు ఎర్రలైటు వెలుగుతుంది. మోటారు ఎంతసేపు నడిచాక వెలిగిందో గోడ మీది క్యాలెండర్‌లో తేదీ పక్కన పెన్సిల్‌తో రాస్తుంది. మొన్న సెలవులకి పోయినప్పుడు చూశాను. ఫిబ్రవరి మొదట్లో 45 నిమిషాలు. మార్చి ఆఖరికి 28. మే రెండో వారంలో 11. నాయన ఆ అంకెల ముందు నిలబడి, "ఇంకో వంద అడుగులు దించితే?" అన్నాడు. అమ్మ జవాబు చెప్పకుండా ఆ రోజు అంకె రాసింది: 9.