హిరన్ ఎగిరింది సరే, ఎందుకు ఎగిరింది?

పోయిన ఆదివారం పొద్దున్నే మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒక తస్వీర్ పడింది. ఎండిన గడ్డి, వెనక పల్చటి మంచు, మధ్యలో ఒక కాలా హిరన్. తెలుగులో కృష్ణజింక. నాలుగు కాళ్లూ గాల్లో ఉన్నాయి, మెలితిరిగిన కొమ్ములు వీపు మీదికి వాలి ఉన్నాయి. పెట్టింది మా భాంజా. అమీర్‌పేటలో కోర్సు చేసి, పంజగుట్టలో ఉద్యోగం చూసుకుని, మొదటి జీతాలతో కెమెరా కొన్న పిల్లోడు. పెద్ద లెన్సు మాత్రం కిరాయికి తెచ్చుకుని, దోస్తులతో కర్నూలు వైపు గడ్డిమైదానాలకు పోయొచ్చాడు. పది నిమిషాల్లో గ్రూపు నిండా మాషాఅల్లాలు. అందులో ఒకటి నాది. మా ఆపా అయితే ఫ్రేమ్ కట్టించి దివాన్‌ఖానాలో పెడతానని ఎలాన్ చేసేసింది.

మధ్యాహ్నం వాడు మా ఇంటికే ఖానాకు వచ్చాడు. బగారా అన్నంలో దాల్చా పోసుకుంటుంటే "ఎట్లా దొరికింది బేటా?" అని అడిగాను.

"ఏముంది మామూ, అరగంట చూసినం. మేస్తనే ఉన్నయి, తల ఎత్తుతలేవు. డ్రైవర్ భాయ్ హారన్ కొట్టి బండి వాటి మీదికి ఉరికించిండు. అన్నీ ఒక్కసారి లేచినయ్. నలభై ఫొటోలు కొడితే ఇదొక్కటి సాఫ్‌గా వచ్చింది."

ఏ దాపరికం లేకుండా చెప్పాడు. అంటే అందులో తప్పుందని వాడికి తట్టనే లేదు. కోప్పడదామని నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. ఎందుకంటే రిపోర్టర్‌గా కొత్తలో నేనూ ఇదే చేశాను. చెరువు మీద వలస పక్షుల కథనం రాయాలి. ఫొటోలో ప్రాణం లేదని, గట్టున ఆడుకుంటున్న పిల్లాడి చేత నీళ్లలోకి రాయి వేయించాను. పక్షులన్నీ లేచాయి. మర్నాడు పేపర్లో ఆ ఫొటో కింద "స్వేచ్ఛగా విహరిస్తున్న అతిథులు" అని రాసింది కూడా నేనే. ఆ పేపర్ అమ్మీ చాలా రోజులు దాచుకుంది.

ఉర్దూ మీడియం బడిలో మాకు చెప్పిన మాట ఒకటుంది: గవాహీ ఇచ్చేవాడు చూసింది చెప్పాలి, చూడాలనుకున్నది కాదు. ఫొటో కూడా గవాహీయే. భాంజా తస్వీర్‌లో అబద్ధం ఒక్క చుక్క లేదు, హిరన్ నిజంగానే ఎగిరింది. కానీ చూసేవాళ్లకు అది చెప్తున్నది మాత్రం "ఎంత ఖుషీగా ఎగురుతోందో" అని. కృష్ణజింకలకు ఖతరా అనిపించినప్పుడు ఒకటి ఎగిరి దూకుతుంది, దాన్ని చూసి మందంతా లేస్తుంది. మనం మాషాఅల్లా అన్నది దాని భయాన్ని చూసి.

కాలా హిరన్ అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది 1998 నాటి సల్మాన్ ఖాన్ కేసు. తుపాకీ ఉంటేనే షికార్ అనుకుంటాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అలా అనుకోలేదు. జంతువును తరమడం, ఎర వేసి రప్పించడం కూడా అందులో "వేట" కిందికే వస్తాయి. డేగ కిందికి దిగాలని చుంచెలుకను వదిలి కెమెరా పట్టుకుని కూర్చునే షౌకీన్లు కూడా ఈ మాట ఒకసారి చదువుకోవాలి.

ఈ గవాహీ మాట అంత జిద్దుగా ఎందుకు పట్టుకున్నానో చెప్తాను. 2025 మార్చి ఆఖర్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగినప్పుడు మన ఫోన్లన్నీ జింకలు, నెమళ్లతో నిండిపోయాయి. వాటిలో కొన్ని ఏఐతో తయారు చేసినవి. చేసినవాళ్ల నియ్యత్ మంచిదే కావచ్చు. జరిగిందేమిటి? పోలీసు కేసులు పడ్డాయి, చర్చంతా చెట్ల మీంచి ఫొటోల మీదికి పోయింది. అసలు అక్కడ జింకలే లేవు అనాలనుకున్నవాళ్లకు ఆ నకిలీలు చేతికందిన ఆయుధాలయ్యాయి. మరి జింకలు ఉన్నాయని సుప్రీంకోర్టు ముందు నిలబడింది ఏ గవాహీ? కోర్టు పంపిన అధికారి స్వయంగా పోయి చూసి, నెమళ్లు, జింకలు, పక్షులు కనిపించాయని రాసిన రిపోర్టు. ఏప్రిల్ 3న పనులన్నీ ఆపమని ఉత్తర్వు వచ్చింది. చూసినవాడు చూసినట్టు చెప్పడానికి అంత ఖీమత్ ఉంది.

ఈ బీమారీ మన ఒక్కరిదే కాదు. 2009లో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ల వన్యప్రాణి ఫొటో పోటీలో గేటు మీంచి దూకుతున్న తోడేలు ఫొటోకు మొదటి బహుమతి వచ్చింది. అది శిక్షణ ఇచ్చిన పెంపుడు తోడేలై ఉంటుందని న్యాయనిర్ణేతలు తేల్చడంతో 2010 జనవరిలో బహుమతి రద్దయింది. ఫొటోగ్రాఫర్ ఒప్పుకోలేదు. అక్కడా దుమారం రేపింది ఒక దూకుడే!

భాంజాకు హిరన్ కన్నా డేగల మీద ముహబ్బత్ ఎక్కువ. శీతాకాలంలో కర్నూలు దగ్గరి రోళ్లపాడు లాంటి గడ్డిమైదానాలకు హారియర్ డేగలు వస్తాయి, కజకిస్తాన్ వైపు నుంచి. అంత దూరం ఎగిరొచ్చి అవి చెట్టు మీద పడుకోవు. పొద్దు వాలగానే గడ్డిలో నేల మీదే గుంపుగా నిద్రకు దిగుతాయి. ఆ వేళ "ఒక్క ఫొటో" అని బండి గడ్డిలోకి తిప్పితే ఏమవుతుందో వాడికి చెప్పాను. వాడు చెంచా కింద పెట్టి, "మేం సాయంత్రం కూడా తిప్పినం మామూ" అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

మన పిల్లలు చలికాలం పొద్దున కెమెరా పట్టుకుని బయటికి పోవడం నాకు ఇష్టమే. మాల్‌లో తిరిగేదానికన్నా వేయి రెట్లు నయం. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఎల్‌బీ నగర్, అక్కడి నుంచి ఆటోలో కొద్ది దూరం పోతే మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాంల షికార్‌గా, 1975 నుంచి జింకల పనాగా. బీవీ పిల్లలతో పోయి, దారి దిగకుండా, గొంతు పెంచకుండా ఒక గంట కూర్చోండి. హిరన్ తల ఎత్తకపోతే ఎత్తని ఫొటోనే తీసుకోండి. మేస్తున్న హిరన్ అంటే మిమ్మల్ని చూసి భయపడని హిరన్.

అంత దూరం కూడా అక్కర్లేదు. బళ్లో షాహీన్ అనే మాట వినీ వినీ పెరిగాం కానీ, నెత్తి మీద తిరిగే చీల్‌ని తలెత్తి చూసింది తక్కువ. అమ్మీ సద్‌ఖా గోష్ తిప్పి డాబా మీదికి విసిరితే వాలేది ఆ గద్దే. పంజగుట్ట డాబా మీద కూర్చుంటే ఇప్పటికీ కనిపిస్తుంది, చీలిన తోకను చుక్కానిలా తిప్పుకుంటూ. దానికి హారన్ కొట్టే పని లేదు. జనవరిలో పతంగుల మాంజా తీగల మీద వేలాడుతుంటే ఇదే చీల్ రెక్కలు కోసుకుంటుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా దొరుకుతూనే ఉంది. ఫొటో తీసి గవాహీ ఇవ్వాలనుకునేవాళ్లకు అక్కడ కావలసినంత పని ఉంది.

రాత్రి పడుకోబోతుంటే ఫోన్ మోగింది. భాంజా పొద్దున పెట్టిన ఫొటో తీసేసి, మళ్లీ అదే పెట్టాడు. ఈసారి కింద ఒక వాక్యం ఉంది: "మా బండి హారన్‌కు భయపడి పారిపోతున్న హిరన్."

ఈసారి మాషాఅల్లాలు రాలేదు. కాసేపటికి మా ఆపా మెసేజ్ వచ్చింది, "అయితే ఫ్రేమ్ కట్టించాలా, వద్దా?"