నడుమనున్న చిన్న పెట్టె



గత వేసవిలో మా రామచంద్రపురం పక్కనున్న ఒక పల్లెకు కుటుంబ ప్రార్థన నిమిత్తము వెళ్లాను. వీధిలో ఉండగానే తండ్రీకొడుకుల కేకలు వినిపించాయి.

"నూటయాభై రూపాయలు గోదాట్లో పోశావు కదరా!" అంటున్నాడు తండ్రి.

"నువ్వు తెచ్చిందే కదా నాన్నా! మళ్లీ ఆడించాలనుకోవడం కూడా తప్పేనా?" అంటున్నాడు కొడుకు.

నన్ను చూసి ఇద్దరూ తగ్గారు. "రండి అయ్యగారూ, మీరే చెప్పండి" అంటూ ఇల్లాలు కుర్చీ వేసింది.

సంగతి ఇది. ఆ తండ్రి చాలా ఏళ్లు కువైట్‌లో డ్రైవరుగా పనిచేశాడు. రెండేళ్లకొకసారి సెలవు దొరికేది. ఒక సెలవులో కొడుకు కోసం ప్లేస్టేషన్ 2 తెచ్చాడు. సోనీ కంపెనీవారు 2000 సంవత్సరంలో విడుదల చేసిన ఆ ఆటపెట్టె ప్రపంచమంతా పదిహేను కోట్లకు పైగా అమ్ముడుపోయింది. 2013 నాటికి తయారీ ఆగిపోయింది. సెలవున్నన్ని రోజులూ తండ్రీకొడుకులు పక్కపక్కన కూర్చుని కార్ల పందెం ఆడేవారట. తండ్రి విమానమెక్కగానే పిల్లవాడు ఆ పెట్టెకు తువ్వాలు చుట్టి బీరువాలో పెట్టేవాడట. తండ్రి లేకుండా ఆడేవాడు కాదని తల్లి చెప్పింది.

తర్వాత ఇంట్లోని పిక్చర్ ట్యూబు టీవీ పాడైంది. తండ్రి నడుము నొప్పితో శాశ్వతంగా ఇంటికి వచ్చేశాడు. ఇప్పుడు కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. అన్నేళ్లు ఫోనులో గంటల తరబడి మాట్లాడుకున్నవారు ఒకే ఇంట్లో ఉండి ముక్తసరిగా మాట్లాడుకుంటున్నారు. మూసేసిన ఇంటర్నెట్ సెంటరు నుండి చదువు కోసమని కొన్న కంప్యూటరు మానిటరు ఒకటి ఇంట్లో ఉంది. దానికి ఆ పాత పెట్టెను తగిలించాలని కుర్రవాడు ఒక వైరు కొన్నాడు. దానికి ఒక చివర పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు, రెండవ చివర మానిటరుకు పట్టే పదిహేను సూదుల ప్లగ్గు. తగిలిస్తే తెరమీద "నో సిగ్నల్" అని వచ్చింది. గొడవ అక్కడ మొదలైంది.

నేను వేదాంత కళాశాలలో చేరకముందు సెలవుల్లో ఒక టీవీ రిపేరు షాపులో పనిచేశాను. గనుక ఆ వైరు చూడగానే విషయము అర్థమైంది. తప్పు పిల్లవాడిది కాదు. ప్లగ్గు పట్టినంతమాత్రాన మాట కలవదు!

ఇది కొంచెం వివరంగా చెబుతాను. మన దేశపు పాత టీవీ పద్ధతి పేరు పాల్. అందులో ఒక బొమ్మకు 625 గీతలు. సెకనుకు 25 బొమ్మలు. అంటే సెకనుకు 15,625 గీతలు. అవి కూడా ఒకసారి బేసి గీతలు, తర్వాత సరి గీతలుగా వస్తాయి. అమెరికా, జపాన్ దేశాల ఎన్.టి.ఎస్.సి. పద్ధతిలో లెక్క కొద్దిగా వేరైనా వేగము దాదాపు అంతే. 1987లో ఐ.బి.ఎం. కంపెనీ తెచ్చిన వి.జి.ఎ. మానిటరు పద్ధతి అలా కాదు. దానికి సెకనుకు సుమారు 31,500 గీతలు కావాలి, అవీ వరుస తప్పకుండా రావాలి. పైగా ఎరుపు, ఆకుపచ్చ, నీలము మూడు వేర్వేరు తీగల మీద అందాలి. ఆటపెట్టె పసుపు వైరేమో మూడింటినీ కలిపి ఒకే తీగలో పంపుతుంది. ఒకరు నెమ్మదిగా ఒక భాషలో మాట్లాడుతుంటే, ఇంకొకరు దానికి రెట్టింపు వేగముతో వేరే భాషలో వినాలని కూర్చున్నట్టు! నడుమ ఒట్టి వైరు వేస్తే ఏమి లాభము?

అందుకే నడుమ ఒక కన్వర్టరు కావాలి. అప్‌స్కాన్ కన్వర్టరు అంటారు. అది వచ్చిన గీతలను అంకెలుగా మార్చి, తన జ్ఞాపకములో కాసేపు నిలుపుకొని, రంగులను విడదీసి, మానిటరుకు కావలసిన వేగముతో తిరిగి పంపుతుంది. దానికి విడిగా కరెంటు కావాలి. కరెంటు అక్కరలేని ఒట్టి వైరును ఎవరైనా కన్వర్టరని అమ్మితే కొనకండి.

కొనేముందు ఇంకొక మాట. ఇలాంటి పెట్టెలు చూడటానికి ఒకేలా ఉంటాయి గాని ఒకవైపే పనిచేస్తాయి. ఎ.వి. నుండి వి.జి.ఎ.కు మార్చేది వేరు, వి.జి.ఎ. నుండి ఎ.వి.కి మార్చేది వేరు. కొత్త టీవీలకు వాడే హెచ్.డి.ఎం.ఐ. పెట్టెల విషయములోనూ అంతే. మీద రాసింది చదివి, ఏది లోపలికి, ఏది బయటికి అని అడిగి తీసుకోండి. పాత టీవీని మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీసేసినా పిక్చర్ ట్యూబులో ప్రాణము తీసేంత వోల్టేజి నిలిచి ఉండవచ్చు.

మరుసటి వారము తండ్రే కాకినాడ వెళ్లి సరైన పెట్టె తెచ్చాడు. కబురు పంపితే నేనూ వెళ్లాను. పసుపు పిన్ను కన్వర్టరుకు పెట్టాము. ఆ మానిటరుకు స్పీకర్లు లేవు గనుక ఎరుపు, తెలుపు పిన్నులను విడిగా స్పీకరు పెట్టెకు కలిపాము. మీట నొక్కగానే బొమ్మ వచ్చింది. పాత టీవీలో ఉన్నంత నునుపుగా లేదు, అక్షరాల అంచులు కాస్త చెదిరాయి. అయినా ఆ ఇల్లాలి ముఖము చూడాలి!

పందెము మొదలైంది. మలుపు దగ్గర తండ్రి కారు ప్రతిసారీ గోడకు కొట్టుకుంటోంది. "నడుముతోపాటు చేతులూ పోయాయిరా" అని ఆయన కంట్రోలరు కింద పెట్టేశాడు. నవ్వుతూనే అన్నాడు గాని ఆ మాటలో బాధ ఉంది.

అప్పుడు నేను చెప్పాను. బొమ్మను పట్టి నిలుపుకోవడానికి కన్వర్టరుకు కొంత సమయము పడుతుంది. అర బొమ్మను నిలిపినా సెకనులో యాభయ్యో వంతు ఆలస్యము. కొన్ని పెట్టెలు ఇంకా ఎక్కువ నిలుపుతాయి. పల్చటి మానిటరు తన వంతు కలుపుతుంది. మనం మీట నొక్కింది ఒక క్షణము, కారు తిరగడం కనిపించేది ఆ తర్వాత. పాత ట్యూబు టీవీలో ఈ జాప్యము దాదాపు లేదు. వెనుకటి టీవీ గేముల్లో బాతులను కాల్చే తుపాకీ ఇలాంటి తెరలమీద పనిచేయకపోవడానికీ కారణమిదే. ట్యూబు మీద గురి దగ్గర వెలుగు మెరిసిన క్షణాన్ని బట్టి అది గురి తెలుసుకునేది.

కుర్రవాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత కంట్రోలరు తీసి తండ్రి చేతిలో పెట్టి, "నీ తప్పు కాదు నాన్నా. కొంచెం ముందే తిప్పు. నేను చెబుతాను, నువ్వు తిప్పు" అన్నాడు. నాలుగో పందెములో తండ్రి గోడకు తగలకుండా మలుపు దాటాడు.

ప్రియులారా, దూరదేశాలనుండి తిరిగి వచ్చిన తండ్రులు మన గోదావరి ప్రాంతములో ఎన్నో ఇళ్లలో ఉన్నారు. వాళ్ల వేగము వేరు, పిల్లల వేగము వేరు. మాట అందడం కాస్త ఆలస్యమైతే దాన్ని చేతకానితనమనో, ప్రేమలేకపోవడమనో అనుకుంటాము. నడుమ ఎవరైనా ఒకరు ఒక్క క్షణము ఓర్చుకుని, విన్నది మనసులో నిలుపుకొని, ఎదుటివారికి అర్థమయ్యేలా చెబితే చాలు.

ఆ ఇంట్లో ఇప్పుడు ఆదివారం సాయంత్రం ఒక గంట ఆట. గంట దాటితే తల్లి స్విచ్చి కట్టేస్తుంది. ఆట అయ్యాక పెట్టెకు తువ్వాలు చుట్టేది మాత్రం ఇప్పుడు తండ్రే.