మూడేళ్ల పోస్టింగు, పన్నెండేళ్ల కుక్క

మన బడిలో ఎవరినైనా "మీది ఏ ఊరు?" అని అడిగి చూడండి. జవాబు వెంటనే రాదు. పుట్టింది ఒకచోట, ఒకటో తరగతి ఇంకోచోట, ఇప్పుడున్నది మరోచోట. దీని గురించి మనలో చాలామంది రాశారు, ఇంకా రాస్తారు. నేను రాయాలనుకున్నది మన వెంట రాలేని వాటి గురించి. ముఖ్యంగా కుక్కల గురించి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బదిలీలయ్యే ఇళ్లలో కుక్కపిల్లను పుట్టినరోజు కానుకగా తెచ్చుకోవడం తప్పు. అలాగని మనలాంటి పిల్లలకు కుక్కతో పనే లేదనడం కూడా తప్పే. రెండో మాట మా అమ్మది. కాబట్టి ఇది కొంతవరకు మా ఇంటి గొడవ కూడా.

మేము అస్సాంలోని జోర్హాట్‌లో ఉన్నప్పుడు నాకు ఎనిమిదేళ్లు. తెల్ల కుక్కపిల్ల ఒకటి మా ఇంటికి వచ్చింది. వచ్చింది అంటే నేనూ తమ్ముడూ ఏడ్చి, అన్నం మానేసి తెప్పించుకున్నాం. బొగా అని పేరు పెట్టాం. అస్సామీలో బొగా అంటే తెల్లనిది. అది వర్షంలో తడిసి వచ్చి అమ్మ ఉతికి మడతపెట్టిన దుప్పట్ల మీద పడుకునేది. నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చే స్కూటర్ చప్పుడు మా కంటే ముందు దానికే తెలిసేది. మూడో ఏడాది బదిలీ ఉత్తర్వు వచ్చింది. జబల్‌పూర్.

ఇక్కడ రైలు సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కుక్కపిల్లను అడిగేటప్పుడు మనలో ఎవరమూ దీన్ని కనుక్కోము. రైల్లో కుక్కను మన దగ్గర ఉంచుకోవాలంటే ఏసీ ఫస్ట్ క్లాసులో ఇద్దరు పట్టే కూపే గానీ నలుగురు పట్టే క్యాబిన్ గానీ పూర్తిగా మనకే ఉండాలి. ఏసీ టూ టైర్, త్రీ టైర్, స్లీపర్ పెట్టెల్లోకి రానివ్వరు. లేకపోతే గార్డు ఉండే బ్రేక్ వ్యానులో కుక్కల పెట్టె ఉంటుంది, అందులో ఎక్కించాలి. నాన్నగారి హోదాకు వచ్చేది టూ టైర్. మేము గౌహతిలో ఆగి, రైలు మారి, రోజుల తరబడి ప్రయాణం చేయాలి. అంతసేపు బొగా ఆ ఇనుప పెట్టెలో, చీకట్లో, ఒంటరిగా ఉండాలా? ఎదురింటి అంకుల్ వాళ్లు "మేము చూసుకుంటాం" అన్నారు. నాన్నగారు అప్పగించారు. లారీలోకి సామాను ఎక్కించిన రోజు బొగా మా పెట్టెల చుట్టూ తిరిగింది. దానికి అదొక ఆటలా అనిపించి ఉంటుంది.

ఎదురింటి అంకుల్ కూడా మన లాంటి ఉద్యోగే. మరుసటి ఏడాది ఆయనకూ బదిలీ వచ్చింది. అప్పుడు బొగాను ఎవరు తీసుకున్నారు? ఎవరూ తీసుకోలేదు. కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్ రొట్టె ముక్క వేస్తున్నాడని ఫోనులో తెలిసింది. ఆ తర్వాత అడగడానికి అక్కడ తెలిసినవాళ్లే లేరు. ఎదురింటి వాళ్ల మీద నాకు కోపం లేదు. మేము చేసిన పనే వాళ్లూ చేశారు, ఒక ఏడాది ఆలస్యంగా.

కుక్క బతికేది సుమారు పది పన్నెండేళ్లు. మన పోస్టింగు మూడేళ్లు. మూడో తరగతి పిల్లలు కూడా చేయగల లెక్క ఇది. అయినా మా ఇంట్లో ఎవరమూ చేయలేదు.

జబల్‌పూర్ వచ్చాక అమ్మ ఒకటే మాట అంది. "ఇంక ఈ ఇంట్లో ప్రాణమున్నది ఏదీ తేవద్దు. తులసి మొక్క చాలు." నాకూ అదే సరి అనిపించింది, కల్లూ కనిపించేదాకా.

కల్లూ మా క్వార్టర్స్ బ్లాకు కింద ఉండే నల్ల కుక్క. ఎవరిదీ కాదు. సైకిళ్ల షెడ్డులో పడుకుంటుంది. ఒకరింట్లో చపాతీ, ఇంకొకరింట్లో పెరుగన్నం. మా ఇంట్లో ఇడ్లీ పెడితే మొదట వాసన చూసి వదిలేసింది. తర్వాత అలవాటు పడింది. నేను దాన్ని మా కుక్క అని ఎప్పుడూ అనలేదు. అంటే మళ్లీ బొగా గుర్తొస్తుంది.

పోయిన దసరా సెలవులకు తెనాలి నుంచి అమ్మమ్మ, తాతయ్య, పిన్ని, బాబాయి, వాళ్ల అబ్బాయి వచ్చారు. సంక్రాంతికి వాళ్లకు సెలవులుంటే మనకు ఉండవు. మనకు శీతాకాలం సెలవులిస్తే వాళ్లకు పరీక్షలు. చుట్టాలు రాగలిగేది దసరాకే. విజయవాడలో సంఘమిత్ర ఎక్కి, అరిసెల డబ్బా, గోంగూర పచ్చడి జాడీ, రెండు కట్టల తమలపాకులతో దిగారు. మా రెండు గదుల ఇంట్లో తొమ్మిది మంది. రాత్రి చాపలు పరిస్తే వంటింట్లోకి వెళ్లాలన్నా ఎవరో ఒకరి కాలు తొక్కాల్సిందే. ఇలాంటి రోజులు మనకు ఏడాదికి వారమే వస్తాయి కాబట్టి ఆ ఇరుకే నాకు ఇష్టం.

పిన్ని కొడుక్కి ఆరేళ్లు. వచ్చిన గంటకే కల్లూతో జత కట్టాడు. పిన్నికి కుక్కలంటే భయం, మెట్ల మీద నుంచే "ఒరేయ్, దాని నోట్లో చెయ్యి పెట్టకురా!" అని అరిచేది. అమ్మమ్మ మాత్రం గడప దాటనివ్వలేదు. "బయట ఎంతైనా పెట్టండి, వంటింటి వైపు వస్తే ఊరుకోను" అంది. ఊరుకోను అన్న మనిషే రోజూ పొద్దున మిగిలిన ఉప్మా విడిగా తీసి ఉంచేది.

మూడో రోజు భేడాఘాట్ వెళ్లాం. జబల్‌పూర్‌కు ఎవరు చుట్టాలొచ్చినా మొదట చూపించేది అదే. ఊరికి ఇరవై అయిదు కిలోమీటర్ల లోపే. నర్మద అక్కడ పాలరాతి కొండల మధ్య నుంచి పోతుంది. ఎగువన ధువాన్‌ధార్ జలపాతం. నీళ్లు పడేచోట తుంపరలు పొగలా లేస్తాయి కనుక ఆ పేరు. వానాకాలంలో పడవలు ఆపేస్తారు, అప్పటికి మళ్లీ మొదలయ్యాయి. అద్దె బండి మాట్లాడాం. బయలుదేరే వేళకు పిన్ని కొడుకు కల్లూ లేకుండా బండి ఎక్కనని మొండికేశాడు. నాన్నగారు వద్దన్నారు. బాబాయి "పోనీలెండి అన్నయ్యగారూ, ఓ మూల కూర్చుంటుంది" అన్నారు. నేను కూడా తీసుకెళ్దామనే అన్నాను. ఆ తప్పులో నాకూ వాటా ఉంది. బట్టలు ఆరేసే తాడు దాని మెడకు కట్టి ఎక్కించాం.

కల్లూ పుట్టినప్పటి నుంచి బండి ఎక్కి ఎరగదు. దారిలో రెండుసార్లు కక్కింది. పిన్ని పట్టుచీర కాళ్లు దగ్గరికి లాక్కుని కిటికీలోంచి తల బయటపెట్టి కూర్చుంది. ధువాన్‌ధార్ దగ్గర దిగేసరికి నీళ్ల హోరుకు అది వణకడం మొదలుపెట్టింది. మేము రెయిలింగ్ దగ్గర ఫోటోల కోసం వరసగా నిలబడుతుంటే తాడు ముడి ఊడింది. ఒక్క క్షణంలో జనంలో కలిసిపోయింది.

గంటకు పైగా వెతికాం. పంచవటి ఘాట్ నుంచి పడవలో వెళ్లాలనుకున్నది పోయింది. పడవవాళ్లు ప్రాసలు కడుతూ చెప్పే కబుర్లు తెనాలి వాళ్లకు వినిపించాలని నేను ఎన్ని రోజులుగా చెబుతున్నానో. పిన్ని కొడుకు ఏడుపు. బాబాయి మౌనం. నాకైతే ఒకటే ఆలోచన. ఇది ఇక్కడే ఉండిపోతే దీనికి ఇంటిదారి తెలియదు. జోర్హాట్‌లో మేము వెళ్లిపోయి బొగాను వదిలేశాం. ఇక్కడ కుక్కనే తీసుకొచ్చి వదిలేస్తున్నాం. తేడా ఏముంది?

తాతయ్యకు దొరికింది. జలపాతానికి వెళ్లే దారి పక్కన మెత్తని రాతి బొమ్మలు చెక్కి అమ్మే దుకాణాలు ఉంటాయి. ఒక దుకాణం బల్ల కింద రాతి పొడిలో తెల్లగా మారి కూర్చుని ఉంది. తాతయ్య పిలవలేదు, లాగలేదు. పక్కన నేల మీద కూర్చుని బీడీ వెలిగించి (అమ్మమ్మ చూడలేదు) అదే వచ్చేదాకా ఆగారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను అడిగాను. "తాతయ్యా, మీ ఇంట్లో కుక్కను ఎవరు చూసుకునేవాళ్లు?"

"మా ఇంట్లో కుక్క ఎప్పుడు ఉందమ్మా? మా వీధికి ఉండేది. అరుగు మీద పడుకునేది. ఎవరింట్లో మిగిలితే వాళ్లు పెట్టేవాళ్లు. పెళ్లిళ్లై కొందరు వెళ్లారు, పోయినవాళ్లు పోయారు, కొత్త కోడళ్లు వచ్చారు. వీధి అక్కడే ఉంది, కుక్కా అక్కడే ఉంది."

నాకు దారి ఆ మాటలోనే దొరికింది. మనకు వీధి లేదు. అందుకని కుక్కను మనిషికి కట్టేస్తాం. మనిషేమో కదిలిపోతాడు. కానీ మన కాలనీ కదలదు కదా! కుటుంబాలు మారినా క్వార్టర్స్ అక్కడే ఉంటాయి. అందుచేత కుక్క మూడో అంతస్తు అంకుల్ది కాకూడదు, బ్లాకుది కావాలి.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఒక కాగితం రాస్తారు, చూశారా? సీలింగ్ ఫ్యాన్లు నాలుగు, కుళాయిలు ఏడు, గీజరు ఒకటి, పగిలిన కిటికీ అద్దం ఒకటి. అన్నీ లెక్కపెట్టి సంతకం తీసుకుంటారు. మేము జోర్హాట్‌లో వదిలిన కుళాయిలకు లెక్క ఉంది. బొగాకు లేదు. కుక్కకు కూడా అలాంటి అప్పగింత కాగితం ఉండాలని నా వాదన. యాంటీ రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు, మళ్లీ ఏడాదికి ఎప్పుడు వేయించాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా లేదా, ఏం తింటుంది, దేనికి భయపడుతుంది. తీసుకునేవాళ్లు ఒక్కరు కాదు, కనీసం మూడు ఇళ్ల వాళ్లు ఉండాలి. ముగ్గురికీ ఒకే ఏడాది బదిలీ రావడం అరుదు.

"మరి భయపడేవాళ్ల సంగతి?" అని పిన్ని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. కుక్కను ప్రేమించే మనం భయపడేవాళ్లను వెక్కిరిస్తాం, అది మన లోపం. 2023 నాటి కేంద్ర ప్రభుత్వ నియమాల్లో వీధి కుక్కలకు తిండి పెట్టే చోటు పిల్లలు ఆడుకునే స్థలానికి, మెట్లకు, రాకపోకల దారికి దూరంగా ఉండాలని ఉంది. మేము పెట్టేది మెట్ల కిందే! మరుసటి రోజే దాని గిన్నె సైకిల్ షెడ్డు వెనక్కి మార్చాం. ఇంకొకటి, కుక్క కరిచినా గీరినా దాచిపెట్టకూడదు. తిడతారని దాచే పిల్లలు నాకు తెలుసు. గాయాన్ని పారే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. రేబిస్ లక్షణాలు కనిపించాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

అమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "ఎంత కాగితం రాసినా వెళ్లేరోజు ఏడ్చేది నువ్వే" అంటుంది. నిజమే, ఏడుస్తాను. తెనాలి వాళ్లు రైలెక్కిన రోజు కూడా ఏడ్చాను. అలాగని చుట్టాల్ని రావద్దంటామా? అమ్మా, నాకు ఏడుపుతో పేచీ లేదు. గేటు దగ్గర రొట్టె ముక్క కోసం ఎదురుచూసే కుక్కతోనే పేచీ. 1960 నాటి చట్టం ప్రకారం, ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేసి పోవడం నేరం కూడా. మాకు ఆ సంగతి అప్పుడు తెలియదు. తెలిసుంటే బొగాను తెచ్చేవాళ్లమా అంటే, బహుశా తెచ్చేవాళ్లం కాదు.

ఒక పాత గణితం నోటుబుక్కు తీసుకుని కల్లూ సంగతులు రాయడం మొదలుపెట్టాను. టీకా తేదీలు రాశాను. ఇడ్లీ తింటుంది, సాంబారు ముట్టదు. బండి ఎక్కించకూడదు. రావణ దహనం నాడు, దీపావళికి షెడ్డులోనే ఉండనివ్వాలి. నాన్నగారి బదిలీ వచ్చే ఏడాది. కింద ఇంట్లో ఒడియా అమ్మాయి ఉంది, ఏడో తరగతి. వాళ్లు వచ్చి నాలుగు నెలలే అయింది. పుస్తకం తనకు చూపించాను. హిందీలో కూడా రాయమంది, తెలుగు రాదుగా మరి. ఇప్పుడు ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ హిందీ. మొత్తం చదివి, "రాత్రి అది అరుస్తూ ఉంటే ఏం చేయాలి?" అని అడిగింది. అది నేను రాయడం మరిచిపోయాను. షెడ్డులో దాని గోనెసంచి తడిసిందేమో చూడాలి, చాలాసార్లు అదే కారణం. ఆ రోజే రెండు పేజీల్లోనూ రాశాను.