డాక్టర్ ఫీజు కూడా సాగు ఖర్చే

పోయిన వానాకాలం, పత్తికి రెండో దఫా మందు కొట్టే రోజుల్లో మా గ్రామ కమిటీ సభ్యుడొకరికి జ్వరం పట్టుకుంది. మూడు రోజులు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకున్నాడు. తగ్గలేదు. నాలుగో రోజు మండల కేంద్రంలోని ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లాడు. ఫీజు 300. రక్తపరీక్షలు 1,350. రెండు సెలైన్ సీసాలు, సూదులు కలిపి 800. అక్కడే ఉన్న షాపులో మందులకు 1,120. డెంగీ లేదు, టైఫాయిడ్ లేదు, మామూలు వైరల్ జ్వరమేనని చెప్పి పంపారు. ఆరు రోజుల తర్వాత మళ్లీ చూపించుకోవడానికి వెళ్తే, ఓపీ చీటీ గడువు ఐదు రోజులేనని కాంపౌండర్ ఇంకో 300 తీసుకున్నాడు. మొత్తం 3,870 రూపాయలు.

నెలవారీ సమావేశంలో ఆయన ఆ కాగితాలన్నీ మా ముందు పరిచాడు. ల్యాబ్ రసీదు ఉంది, మందుల బిల్లు ఉంది. డాక్టర్ ఫీజుకు గానీ సెలైన్‌కు గానీ చిన్న కాగితం ముక్క కూడా లేదు. 2025-26కు సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369. అంటే ఒక్క మామూలు జ్వరానికి క్వింటాన్నర పైచిలుకు వడ్లు పోయాయి. పనికి పోని పది రోజుల లెక్క వేరే. ఆ డబ్బు ఆయన జేబులో లేదు. పత్తి విత్తనాలు ఇచ్చిన వ్యాపారి దగ్గరే నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చాడు. పంట కూడా ఆయనకే అమ్మాలన్న మాట మీద.

ఇది ఆరోగ్య సమస్య, రైతు సంఘానికి ఏం సంబంధం అని కొందరు అడుగుతారు. మా జవాబు ఆ చివరి మాటలోనే ఉంది. జ్వరానికి తెచ్చిన అప్పు పత్తి ధరను నిర్ణయించింది. 2019లో కేంద్రం జరిపిన జాతీయ నమూనా సర్వే ప్రకారం తెలంగాణలో 91.7 శాతం వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. బ్యాంకు పంట రుణం పంట పేరు మీద ఇస్తుంది. ఇంట్లో ముసలమ్మకు ఆయాసం వస్తే ఆ రుణంలో నుంచే తీస్తాం. అప్పుడు ఎరువు తగ్గుతుంది, లేదా ప్రైవేటు అప్పు పెరుగుతుంది.

మద్దతు ధర లెక్కగట్టేటప్పుడు విత్తనం, ఎరువు, కూలి, కుటుంబ శ్రమ లెక్కలోకి వస్తాయి. స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఇవ్వాలని మనం ఏళ్లుగా పోరాడుతున్నాం. సొంత భూమి కౌలు, పెట్టుబడి మీద వడ్డీ కలిపిన సమగ్ర ఖర్చును లెక్కగట్టమంటున్నాం. ఆ సమగ్ర ఖర్చులో కూడా రైతు ఒంటికి వచ్చే జ్వరానికి గడి లేదు. ఎద్దుకు జబ్బు చేస్తే ఆ ఖర్చు సాగు లెక్కలో పడుతుంది. ఎద్దును తోలే మనిషికి జబ్బు చేస్తే పడదు.

సర్కారు ఏమీ చేయడం లేదని మేం అనడం లేదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ చికిత్సలు చేయించుకుని బతికినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. 2023 డిసెంబర్‌లో దాని పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. మంచిదే. అయితే అది ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద చికిత్సల పథకం. జ్వరం, నడుం నొప్పి, బీపీ, షుగర్, పిల్లల విరేచనాలకు క్లినిక్‌లో కట్టే ఫీజు, పరీక్షలు, మందులు దాని కిందికి రావు. ఏడాది పొడుగునా మన జేబు ఖాళీ చేసేవి ఇవే. 2018 నుంచి రైతుబీమా ఉంది. 59 ఏళ్ల లోపు పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. చనిపోతే 5 లక్షలు ఇచ్చే వ్యవస్థ దగ్గర, బతికుండగా బీపీ చూపించుకోవడానికి 300 రూపాయల దారి లేదు.

ఇక క్లినిక్‌ల సంగతి. డాక్టర్ల మీద మాకు కక్ష లేదు. మండల కేంద్రంలో క్లినిక్ పెట్టిన డాక్టర్‌కు అద్దె ఉంటుంది, సిబ్బంది జీతాలుంటాయి, చదువుకు చేసిన అప్పు ఉంటుంది. తన పనికి ఫీజు తీసుకోవడం తప్పు కాదు. ఫీజు ఎంతో ముందే తెలియకపోవడం, రసీదు ఇవ్వకపోవడం, అవసరం లేని పరీక్ష రాయడం, ఆ పరీక్షలో వాటా తీసుకోవడం తప్పు. ఈ మాట మేం కల్పించింది కాదు. వైద్యుల ప్రవర్తనకు 2002లో భారత వైద్య మండలి పెట్టిన నిబంధనలే చెబుతున్నాయి: ఫీజులు బోర్డు మీద స్పష్టంగా రాసి పెట్టాలి. రోగిని ఒకచోటికి పంపినందుకు కమీషన్ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం 2010లో వచ్చింది, మన రాష్ట్రం దాన్ని స్వీకరించింది. ఒక్క డాక్టర్ నడిపే చిన్న క్లినిక్ కూడా దాని పరిధిలోకి వస్తుంది. ఏ సేవకు ఎంత తీసుకుంటారో స్థానిక భాషలో, అందరికీ కనిపించేచోట పెట్టాలని దాని నియమాలు చెబుతున్నాయి. మా మండల కేంద్రంలో మేం తిరిగి చూసిన క్లినిక్‌లలో డాక్టర్ చదివిన డిగ్రీల బోర్డు లేనిది ఒక్కటీ లేదు. ధరల బోర్డు ఉన్నది ఒక్కటీ లేదు.

ఈ బోర్డు విషయం మనకు కొత్త కాదు. ఎరువుల దుకాణంలో నిల్వ ఎంత, ధర ఎంత అని రాసి పెట్టాలని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. చాలా కాలం ఏ దుకాణదారూ పెట్టలేదు. మనం వెళ్లి అడిగాం, అధికారులను తీసుకెళ్లి చూపించాం, అప్పుడు పెట్టారు. విత్తనం మొలకెత్తక నష్టపోయినప్పుడు బిల్లు లేనివాళ్లకు పరిహారం రాలేదు. ఆ దెబ్బతో ప్రతి రైతూ బిల్లు అడగడం నేర్చుకున్నాడు. విత్తనాల షాపులో గట్టిగా బిల్లు అడిగే మనమే డాక్టర్ ముందు చేతులు కట్టుకుని నిలబడతాం. ప్రాణం ఆయన చేతిలో ఉందన్న భయం. ఆ భయం సహజం. ఒక్కడుగా అడగడం కష్టం కాబట్టే సంఘం ఉంది.

మన తప్పులు కూడా ఒప్పుకోవాలి. సూది వేయని డాక్టర్ మంచి డాక్టర్ కాదని మనలో చాలామంది నమ్మకం. నీరసంగా ఉంది, ఒక గ్లూకోజు సీసా ఎక్కించమని మనమే అడుగుతాం. ఆ అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, కొన్ని చెంచాలు. నోటితో తాగగలిగిన మనిషికి ఇంట్లో ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ చాలు. నాలుగు వందలు పోసి నరంలో ఎక్కించుకోవడం బలం కాదు. మందు కొట్టి ఒళ్లు నొప్పులంటూ రోజూ నొప్పి మాత్ర మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి. వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ పనిచేయదు.

ఆర్‌ఎంపీల గురించి కూడా న్యాయంగా మాట్లాడాలి. అర్ధరాత్రి తలుపు తడితే వచ్చేది ఆయనే. పంట వచ్చాక ఇవ్వమని అప్పు పెట్టేది కూడా ఆయనే. ప్రథమ చికిత్స వరకు ఆయన మనకు తోడే. కానీ రోగిని ఫలానా ఆసుపత్రికే తీసుకెళ్లి, ఆ ఆసుపత్రి నుంచి వాటా తీసుకుంటే అది మన బిల్లులోనే కలుస్తుంది. పాము కరిచినా, పురుగుమందు ఒంట్లోకి పోయినా ఆర్‌ఎంపీ దగ్గర గంట కూడా ఆగొద్దు. 108కు ఫోన్ చేసి, పాము విషానికి విరుగుడు ఉన్న సర్కారు దవాఖానకు వెళ్లాలి. పురుగుమందు కేసులో మందు డబ్బాను, కనీసం దాని లేబుల్‌ను వెంట తీసుకెళ్లాలి. ఏ మందో తెలిస్తేనే సరైన విరుగుడు ఇవ్వగలరు.

ఇంత చెప్పాక అసలు ప్రశ్న మిగిలే ఉంది. మండల కేంద్రంలో సర్కారు దవాఖాన ఉండగా ప్రైవేటుకు ఎందుకు వెళ్తున్నాం? మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రభుత్వ ప్రమాణం. మా మండలంలో ఉంది. డాక్టర్ ఉన్న రోజు బాగానే చూస్తారు. కానీ సాయంత్రం 4 దాటితే ఓపీ ఉండదు. చెలక నుంచి మనిషి ఇల్లు చేరేది ఆరు గంటలకు. ఆ వేళకు తెరిచి ఉండేది ప్రైవేటు క్లినిక్ ఒక్కటే. కూలి పోగొట్టుకుని పొద్దున వెళ్లడమా, ఫీజు కట్టి సాయంత్రం వెళ్లడమా అన్న లెక్కలో చాలామంది ఫీజు వైపే మొగ్గుతున్నారు. 2018లో హైదరాబాద్‌లో మొదలై జిల్లాలకు వచ్చిన తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద రక్తపరీక్షలు ఉచితం. ఆ సంగతి మా సమావేశానికి వచ్చిన సభ్యుల్లో చాలామందికి తెలియదు. ప్రజారోగ్యంపై ప్రభుత్వ ఖర్చును 2025 నాటికి దేశ స్థూల ఉత్పత్తిలో 2.5 శాతానికి పెంచుతామని 2017 జాతీయ ఆరోగ్య విధానం మాట ఇచ్చింది. ఆ గడువు వచ్చింది. మా దవాఖాన తలుపు నాలుగింటికే మూసుకుంటోంది.

అందుకే మా మండల కమిటీ ఈ డిమాండ్లు ముందుకు తెస్తోంది:

1. ప్రతి ప్రైవేటు క్లినిక్‌లో, ల్యాబ్‌లో ధరల పట్టిక తెలుగులో కనిపించేలా పెట్టాలి. ఓపీ చీటీ గడువు కూడా అందులో ఉండాలి.

2. డాక్టర్ ఫీజుతో సహా తీసుకున్న ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వాలి.

3. చీటీ మీద మందు జెనరిక్ పేరు చదవగలిగేలా రాయాలి. ఏ షాపులోనైనా, జన ఔషధి కేంద్రంలోనైనా కొనుక్కునే స్వేచ్ఛ రోగికి ఉండాలి.

4. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, కనీసం వానాకాలం పనుల నెలల్లో, సాయంత్రం ఓపీ నడపాలి.

5. పాము విషానికి విరుగుడు, పురుగుమందు విషానికి వాడే అట్రోపిన్ ఎంత నిల్వ ఉన్నాయో దవాఖాన గోడ మీద రాయాలి. ఎరువుల నిల్వ రాసినట్టే.

క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రేషన్ అథారిటీకి కలెక్టర్ అధ్యక్షులు, జిల్లా వైద్యాధికారి కన్వీనర్. అందుకని మన అర్జీ కూడా అక్కడికే పోవాలి. వచ్చే సోమవారం ప్రజావాణిలో ఇవ్వడానికి సంతకాలు సేకరిస్తున్నాం. ప్రతి గ్రామ కమిటీ గత ఏడాది కాలంలో సభ్యుల ఇళ్లలో వైద్యానికి అయిన ఖర్చు రాసి తేవాలి. చీటీలు, బిల్లులు ఉన్నవాళ్లు జిరాక్సులు జతచేయాలి. లేనివాళ్లు ఎంత కట్టారో, రసీదు ఇవ్వలేదని రాస్తే చాలు. అదీ సాక్ష్యమే.

మొదట్లో చెప్పిన మా సభ్యుడు పత్తి అమ్మాడు, జ్వరం అప్పు తీర్చాడు. ఈసారి సమావేశానికి వచ్చి తన కాగితాలను కమిటీ ఫైలులో పెట్టమన్నాడు. ఆ ఫైలులో మొదటి కాగితం అదే. రెండోది మీ ఊరి నుంచి రావాలి.