పెరటితోట: మట్టి వెచ్చబడ్డాకే బెండ
సంక్రాంతి ముందు చలిలో బెండ గింజలు వేస్తారు. రెండు వారాలు నీళ్లు పోసినా మొలక కనిపించదు. తవ్వి చూస్తే గింజ కుళ్లిపోయి ఉంటుంది. ‘నకిలీ విత్తనాలు అంటగట్టాడు’ అంటూ దుకాణదారుణ్ని తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు విత్తనానిది కాదు, చల్లబడిన మట్టిది.

బెండకు వేడి కావాలి. మట్టిలో 25 నుంచి 35 డిగ్రీలు ఉంటే వారంలోపే మొలుస్తుంది. 16, 17 డిగ్రీలకు పడిపోతే మొలక దాదాపు ఆగిపోతుంది. కాకర, సొర, దోస కూడా వేడి కోరేవే. పాలకూర తీరు వేరు. చల్లటి మట్టిలో హాయిగా మొలుస్తుంది, 30 డిగ్రీలు దాటితే మొరాయిస్తుంది. డాబా మీది కుండీలో మట్టి నేలకన్నా త్వరగా చల్లబడుతుంది, త్వరగా వేడెక్కుతుంది.

మడి ఇంటికి ఏ పక్కన ఉందన్నదీ ముఖ్యమే. డిసెంబరులో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు. కాబట్టి దక్షిణం పక్క మడికి ఎండ బాగా తగులుతుంది, ఉత్తరం పక్కది ఇంటి నీడలో ఉండిపోతుంది. వేసవిలో కథ మారుతుంది. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కణ్నుంచి ఆగస్టు 3 దాకా మధ్యాహ్నం ఉత్తరంగానే ఉంటాడు. కాబట్టి ఉత్తరం గోడ నీడను నమ్ముకుని మే నెలలో ఆకుకూరలు వేస్తే ఎండిపోతాయి. మధ్యాహ్నం తర్వాత నీడ పడే తూర్పు పక్క మేలు.

పాడేరు, చింతపల్లి కొండల్లో ఈ తేడా మరీ ఎక్కువ. 20 డిగ్రీల వాలున్న కొండకు డిసెంబరు 21 మధ్యాహ్నం దక్షిణం వైపు పడే ఎండ ఉత్తరం వైపు పడేదానికి దాదాపు రెట్టింపు. పైగా రాత్రిపూట చల్లగాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. అందుకే అడుగున ఉన్న మడి కన్నా కాస్త ఎగువన ఉన్నది వెచ్చగా ఉంటుంది.

మట్టి వేడి తెలుసుకోవడం కష్టమేమీ కాదు. జ్వరం చూసే థర్మామీటరు మాత్రం పనికిరాదు, అందులో అంకెలు మొదలయ్యేదే 35 దగ్గర. మట్టికి వాడే థర్మామీటరును రెండంగుళాల లోతున గుచ్చి, ఉదయం ఎనిమిదింటికి మూడు రోజులు చూడాలి. మూడు రోజులూ 20 దాటితే బెండ వేసుకోవచ్చు. లేదంటే ఆగడమే మంచిది. శివరాత్రికి చలి ‘శివ శివా’ అంటూ వెళ్లిపోతుందన్నది పెద్దల మాట. ఆలస్యంగా వేసినా వెచ్చటి మట్టిలో గింజ గబగబా మొలిచి, ముందు వేసినదాన్ని అందుకుంటుంది. పక్కింటివాళ్లు విత్తారని తొందరపడనక్కర్లేదు. వాళ్ల మడి దక్షిణం పక్కనుందేమో చూడండి!